పాత మియాటాలో కార్పెట్ తడుస్తోందా?

ఏళ్ల తరబడి చెట్టు కింద నిలిచిపోయిన, మడిచే గుడ్డ టాపున్న మాజ్డా మియాటా కారులో వాన పడగానే సీట్ల వెనక కార్పెట్ తడుస్తుంది. గుడ్డ టాపు చిరిగిందనుకుని కొత్తది వేయించడానికి తొందరపడకండి. చాలాసార్లు ఆకుల చెత్తతో నీటి దారులు మూసుకుపోవడమే కారణం.

టాపును సగం మడిచి, రెండు పక్కలా సీటు బెల్టు స్తంభాల వెనక చూడండి. చెరో రంధ్రం ఉంటుంది. టాపు మీది నీరు అందులోంచి ఒక గొట్టం గుండా కారు కిందికి పోతుంది. అక్కడ పేరుకున్న నల్లటి బురదను ముందే చేత్తో తీసేయాలి, లేకపోతే అదీ లోపలికే దిగుతుంది. గడ్డి కోసే యంత్రానికి వాడే 2 మిల్లీమీటర్ల నైలాన్ తీగను మీటరు ముక్క తీసుకోండి. కొనను వేడిచేసి గుండ్రంగా చేసి, మెల్లగా తిప్పుతూ దించండి. తర్వాత అర లీటరు గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. వెనక చక్రానికి కాస్త ముందు, కారు అడుగు నుంచి ధార కట్టాలి.

ఇనుప తీగ, కంప్రెసర్ గాలి మాత్రం వద్దు. పాత గొట్టం పెళుసుబారి ఉంటుంది, ఇట్టే చిరుగుతుంది. పోసిన నీళ్లు కింద పడకుండా లోపలే మాయమవుతుంటే గొట్టం అప్పటికే చిరిగిందనో, ఊడిందనో అర్థం. ఆ నీరు తలుపు కింది ఇనుప భాగంలో చేరి లోపలి నుంచే తుప్పు పట్టిస్తుంది కాబట్టి, శుభ్రం చేయడం ఆపి గొట్టం మార్పించండి.