పాచిక సరైనదేనా? – 3వ భాగం: ఆరు ముప్పైసార్లు పడితే

"ఈ పాచికలో ఆరు ముఖాలకూ సమాన అవకాశం ఉంది" అన్న శూన్య పరికల్పననూ (తప్పని తేలేదాకా నిజమనుకునే మాట), 5 శాతం హద్దునూ (సరైన పాచికను పొరపాటున తప్పుపట్టే అవకాశం ఇంతకు మించకూడదు) గత భాగంలో కాగితం మీద పెట్టాం. ఇక వేయడమే.

కొబ్బరి చిప్పలో పాచిక వేసి, అరచెయ్యి మూసి, బాగా గిలకరించి గచ్చు మీద దొర్లించండి. చాప మీదైతే దొర్లకుండా కూలబడుతుంది. చేతివాటం లెక్కలోకి దూరుతుంది. గోడకు ఆనుకుని వాలి నిలబడితే ఆ పందెం చెల్లదని ముందే అనుకోండి. పడ్డాక అనుకుంటే నచ్చని అంకెలనే కొట్టేస్తాం.

120 పందేలు వేస్తే ఒక్కో ముఖం 20 సార్లు రావాలి. ఒకటి నుంచి ఆరు వరకు వరసగా 14, 17, 22, 18, 19, 30 వచ్చాయనుకుందాం. 20తో తేడాల వర్గాలు 36, 9, 4, 4, 1, 100, మొత్తం 154. దాన్ని 20తో భాగిస్తే 7.7. ఇదే కై స్క్వేర్ విలువ: వచ్చిన లెక్క రావలసిన లెక్కకు ఎంత దూరంగా ఉందో చెప్పే అంకె. ఐదు ముఖాల లెక్క తెలిస్తే ఆరోది దానంతటదే తేలుతుంది కాబట్టి కై స్క్వేర్ పట్టికలో 5వ వరస చూడాలి. అక్కడ 5 శాతానికి హద్దు 11.07. మనది దాటలేదు. శూన్య పరికల్పనను కొట్టేయలేం.

"ఆరు ముప్పైసార్లు పడితే కూడానా?" అంటారు. ఆరును మాత్రమే విడదీసి చూస్తే ప్రామాణిక విచలనం (20 నుంచి మామూలుగా అటూ ఇటూ ఉండే తేడా) 4.08, మన తేడా 10, అంటే 2.45 రెట్లు. ఒక్క ముఖం పరీక్షకు 5 శాతం హద్దు అయిన 1.96 దాటేసింది! కానీ ఆరును ఎంచుకున్నది అది ఎక్కువ పడ్డాకే. సంక్రాంతి బరుల పక్కన గుండాట బల్ల దగ్గర అనుమానాలూ ఇలాగే పుడతాయి: ఏది ఎక్కువ పడితే దాని మీదే. ఆరింటిలో ఏదో ఒకటి ఎగదన్నడం అంత అరుదు కాదు.

ముందే కారణం ఉంటే సంగతి వేరు. చుక్కలు గుంటలుగా తొలిచిన పాచికలో ఆరు వైపు ఎక్కువ పదార్థం పోతుంది, ఎదురుగా ఉన్న ఒకటి వైపు బరువు మిగులుతుంది. ఆరు పైకి తేలవచ్చు. వేయకముందే ఇది రాసి ఉంటే ఆ ఒక్క ముఖం పరీక్ష న్యాయమే.

హద్దు దాటలేదు కదా అని పాచికకు మంచి సర్టిఫికెట్ ఇచ్చేయకండి. ఆరు నిజంగానే 25 శాతం, మిగతావి 15 శాతం చొప్పున పడే పాచికను కూడా 120 పందేల పరీక్ష సగం కంటే తక్కువసార్లే పట్టుకుంటుంది. అయిదింట నాలుగుసార్లు పట్టుకోవాలంటే సుమారు 260 కావాలి. ఇక కై స్క్వేర్ విలువ 0.55 కన్నా తగ్గితే (సరైన పాచికకు లెక్క అంత చక్కగా కుదరడం నూటికి ఒక్కసారే) పాచికను వదిలి, లెక్క రాసినవాళ్లను అడగండి: నిజంగా వేశారా, కూర్చుని రాసేశారా?

వచ్చే భాగానికి అదే పాచికతో 300 పందేలు వేసి తేండి. ముఖానికి 50, భాగహారం తేలిక. పాత 120 అందులో కలపొద్దు. అనుమానం పుట్టించిన అంకెలనే మళ్లీ సాక్ష్యంగా వాడితే 5 శాతం హద్దు 5 శాతంగా ఉండదు.