నట్టు తిరుగుతోంది, ఊడి రావడం లేదా? మర పోయిందనుకునే ముందు ఇది చూడండి

కారు స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు. లింక్ రాడ్ (రెండు చక్రాల్నీ కలిపే స్టెబిలైజర్ బార్‌ని చక్రం వైపు భాగానికి తగిలించే చిన్న కడ్డీ) పోయిందని తేల్చుకుని, కొత్తది తెచ్చి, ఆదివారం పొద్దున్నే చక్రం విప్పుతారు. పాత లింక్ నట్టుకి స్పానర్ వేస్తే హాయిగా తిరుగుతుంది. పది చుట్లు, ఇరవై చుట్లు. నట్టు మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. అప్పుడు నాకు ఫోన్ వస్తుంది: "అన్నా, మర పోయింది. కోసేయమంటావా?"

ఆగండి. నేను చూసినవాటిలో నిజంగా మర పోయినవి చాలా తక్కువ.

తిరుగుతున్నది ఏది?

సుద్దముక్క తీసుకుని నట్టు మీదా, దాని మధ్యలోంచి బయటికొచ్చిన స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) కొస మీదా కలిసేలా ఒక గీత గీయండి. పావు చుట్టు తిప్పండి. గీత చెదరకుండా రెండూ కలిసి తిరిగితే నట్టు అసలు వదల్లేదు, వెనకున్న స్టడ్డే దానితో పాటు తిరుగుతోంది. నట్టు మీది గీత ఒక్కటే జరిగి, నట్టు మాత్రం ముందుకు రాకపోతే అప్పుడు మర పోయినట్టు. అర నిమిషం పని. ఇది చూడకుండా గంటసేపు స్పానర్ తిప్పినవాళ్లని లెక్కపెట్టడం మానేశాను.

స్టడ్ ఎందుకు తిరుగుతుంది? లింక్ రాడ్ రెండు కొసలకీ బాల్ జాయింట్లు ఉంటాయి, అంటే గిన్నెలో ఇమిడిన బంతి, ఆ బంతికి స్టడ్. స్టడ్ తిరగకుండా ఆపేది ఆ గిన్నెలో బంతికి ఉన్న బిగువు ఒక్కటే. జాయింట్ అరిగితే ఆ బిగువు పోతుంది. ఇటువైపు నట్టేమో లాక్ నట్, దానంతటది వదలకుండా మరని గట్టిగా పట్టుకునేది. పైగా మర మీద తుప్పు, మట్టి. నట్టు పట్టు ఎక్కువై, బంతి పట్టు తక్కువైతే రెండూ కలిసే తిరుగుతాయి. అందుకే మార్చాల్సిన లింకే మొండికేస్తుంది.

దీని మందు చాలామందికి తెలుసు: స్టడ్ కొసలో ఆరు పలకల గుంట ఉంటుంది, అందులో అలెన్ కీ పెట్టి స్టడ్‌ని కదలకుండా పట్టుకుని, రింగ్ స్పానర్‌తో నట్టు తిప్పాలి. చిన్న కార్లలో చాలావాటికి 5 లేదా 6 ఎంఎం కీ సరిపోతుంది. కొన్నిటికి గుంట ఉండదు, జాయింట్‌ని కప్పే రబ్బరు బూటు వైపు స్పానర్ పట్టేలా రెండు చదును పలకలు ఉంటాయి. అక్కడ పల్చటి స్పానర్ వేయాలి.

అలెన్ కీ పెట్టినా జారుతోంది

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిసారి లింక్ మార్చినప్పుడు కీ పెట్టి గట్టిగా పట్టాను, ఒక్క చిటుకుతో గుంట పలకలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. తుప్పు అనుకుని తిట్టుకుంటూ గ్రైండర్ తెచ్చాను. అసలు కారణాలు రెండు, రెండూ నా చేతివే.

ఒకటి, గుంట నిండా గట్టిపడ్డ మట్టి. కీ సగం లోతు కూడా దిగలేదు, అంచుల్ని పట్టుకుని వేలాడుతోంది. సన్నటి మేకుతో మట్టి తవ్వి తీసి, కాస్త నూనె చుక్క వేసి, కీని సుత్తితో నెమ్మదిగా తట్టి అడుగు దాకా దించాలి. స్టడ్ కొస మర మీద మట్టినీ తుప్పునీ వైర్ బ్రష్‌తో రుద్దేయాలి. లేకపోతే నట్టు రెండు చుట్లు వదిలాక మళ్లీ పట్టేస్తుంది.

రెండోది అసలు దొంగ. నేను ఒక్క చక్రమే జాకీ మీద ఎత్తాను. అలా ఎత్తితే ఆ చక్రం కిందికి వేలాడుతుంది, అవతలి చక్రం నేల మీదే పైకి నొక్కుకుని ఉంటుంది. రెంటినీ కలిపే స్టెబిలైజర్ బార్ మెలిపడుతుంది. ఆ మెలి బరువంతా లింక్ మీదే. స్టడ్ రంధ్రం అంచుకి ఒరుసుకుని ఉంటుంది. నట్టు వదులవుతున్నకొద్దీ స్టడ్ పక్కకి ఒరిగి మరని కొరుకుతుంది. నట్టు ఎలాగో తీసినా స్టడ్ రంధ్రంలోంచి రాదు, సుత్తితో కొడితే మర కొస చితికిపోతుంది.

అందుకని ముందు రెండు చక్రాలూ ఎత్తి, రెండు వైపులా స్టాండ్లు పెట్టండి. జాకీని నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టొద్దు. ఒక్క వైపే ఎత్తగలిగితే, బండిని స్టాండ్ మీద నిలిపి, రెండో జాకీతో ఆ వైపు లోయర్ ఆర్మ్‌ని (చక్రాన్ని కింది నుంచి పట్టుకునే చెయ్యి లాంటి భాగం) కొద్దికొద్దిగా పైకి లేపండి. లింక్ చేత్తో ఊపితే వదులుగా ఆడే ఎత్తు ఒకటి ఉంటుంది. అక్కడ ఆపి నట్టు పట్టండి. తేడా చేతికే తెలుస్తుంది.

గుంట ఇప్పటికే అరిగిపోయిందా? లింక్ ఎలాగూ పారేసేదే. బూటు చింపేసి స్టడ్ మెడని వైస్ గ్రిప్‌తో (బిగుసుకుని ఉండిపోయే పట్టకారు) పట్టుకోండి. అదీ కుదరకపోతే గ్రైండరే. పక్కనే బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు, యాక్సిల్ బూటు ఉంటాయి. తడిగుడ్డ కప్పండి, కళ్లద్దాలు పెట్టుకోండి. మంట జోలికి పోవద్దు, చుట్టూ ఉన్నదంతా రబ్బరే.

ఇదే జబ్బు వేరే చోట

బ్రేక్ ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్ (ప్యాడ్లని నొక్కే భాగం) బోల్టు ఊరికే తిరుగుతుంటే, దాని వెనకున్న గైడ్ పిన్ (క్యాలిపర్ జరిగే కడ్డీ) తిరుగుతున్నట్టు. పిన్ పలకలకి పల్చటి స్పానర్ వేసి ఆపండి, చాలావాటికి 15 లేదా 17 ఎంఎం సరిపోతుంది. లేకపోతే పిన్ రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ కొసలోని జాయింట్) నట్టు తిరిగితే టేపర్, అంటే కొసకి సన్నబడే స్టడ్ బిగుసుకునే గూడు, వదులైందన్నమాట. కింద జాకీ పెట్టో, కడ్డీతో నొక్కో జాయింట్‌ని మళ్లీ టేపర్‌లోకి బిగిస్తే స్టడ్ ఆగిపోతుంది.

ఇంజిన్ కింది కవర్ బోల్టు తిరిగితే లోపలి క్లిప్ నట్టు ఊడింది. తల కింద స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తిపట్టి తిప్పండి.

అసలు తిరగనే తిరగకపోతే

వైర్ బ్రష్, తుప్పు వదిలించే నూనె, ఓపిక. రాత్రి కొట్టి పొద్దున పట్టండి. పన్నెండు పలకల రింగ్ పక్కన పెట్టి ఆరు పలకల సాకెట్ వాడండి, తల అరగదు. ముందు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. ఎడమ మరేమోనని అడుగుతుంటారు. లింక్ రాడ్‌కి ఆ అనుమానం అక్కర్లేదు. మారుతి 800 లాంటి పాత బండికైతే ఈ లింకే ఉండదు, బార్ నేరుగా లోయర్ ఆర్మ్‌లోకి వెళ్తుంది.

కొత్త లింక్ బిగించేటప్పుడు పాత నట్టు వాడకండి. బిగింపులోనూ స్టడ్ తిరుగుతుంది, అప్పుడూ కీతో ఆపి నట్టే తిప్పాలి. రెండు చక్రాలూ ఎలాగూ పైనే ఉన్నాయి కాబట్టి, అవతలి లింక్ కూడా ఒకసారి పట్టుకుని ఊపి చూడండి.