ఇప్పుడే మొదలుపెట్టలేని పనులు: పక్కన పెట్టే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో ఉంటూ సంక్రాంతికి విజయవాడ వెళ్లేవాళ్లకు రైలు టికెట్ ఏటా ఒక పరీక్షే. ప్రయాణానికి 60 రోజుల ముందు గానీ రిజర్వేషన్ తెరవరు. అంతవరకు ఎంత ఆత్రపడినా లాభం లేదు. ఇలాంటి పనిని వాయిదా వేసే ముందు ఇవి చూసుకోండి.

• గడువు కాదు, మొదలుపెట్టగలిగే రోజు రాయండి. జనవరి 12న ప్రయాణమైతే నవంబర్ 13 ఉదయం 8 గంటలు. మారతహళ్లిలో మా వంటింటి క్యాలెండర్ మీద ఆ గడికి ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కనే రైలు నంబరు, అమ్మానాన్నల వయసు రాసి ఉంచుతాం. ఆ ఉదయం వెతుక్కునే పని ఉండదు.

• రోజువారీ జాబితాలోంచి దాన్ని తీసేయండి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదేనని నా నమ్మకం. చేయలేని పని రోజూ కళ్ల ముందుంటే చూపు దానికి అలవాటు పడిపోతుంది, అసలు రోజున కూడా దాటి వెళ్లిపోతుంది.

• ముందే చేయగల భాగాన్ని విడదీయండి. పాస్‌వర్డ్ పనిచేస్తోందా, ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ పూర్తయిందా అన్నది వారం ముందే చూడండి.

• చివరి తేదీ కూడా ఉందేమో గమనించండి. లెర్నర్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లగలం. కానీ అది చెల్లేది 6 నెలలే. రెండు తేదీలూ రాసుకోవాలి.

• ఆ ఉదయం మీరు ప్రయాణంలో ఉంటే ఎవరు చేస్తారో ఇంట్లో ఇప్పుడే అనుకోండి.