బ్లంట్‌లీ వాడటం ఎలా?

మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే పిల్లలు ఈ ఇంగ్లిష్ మాట దగ్గర తరచూ తడబడతారు. అర్థం తెలియక కాదు, వాక్యంలో ఎక్కడ పెట్టాలో తెలియక.

బ్లంట్ అంటే మొద్దుబారిన, పదును లేని. కత్తికీ అంటారు, పెన్సిల్ ములికికీ అంటారు. మాట విషయంలో బ్లంట్‌లీ అంటే, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారేమోనని మెత్తబరచకుండా ముఖం మీదే చెప్పేయడం. తెలుగులో కుండబద్దలు కొట్టినట్టు, మరాఠీలో రోఖ్‌ఠోక్‌పణే.

అసలు చిక్కు తెలుగు 'గా'తో వస్తుంది. 'ముక్కుసూటిగా మాట్లాడతాడు', 'ముక్కుసూటిగా ఉంటాడు' రెండింట్లోనూ మనకు 'గా' ఉంది. అందుకే 'హి ఈజ్ బ్లంట్‌లీ' అని రాసేస్తారు. అది తప్పు. మనిషి స్వభావం చెబితే 'హి ఈజ్ బ్లంట్', మాట తీరు చెబితే 'హి స్పీక్స్ బ్లంట్‌లీ'. ఇక్కడ మీ మరాఠీయే ఆదుకుంటుంది. 'తో రోఖ్‌ఠోక్ ఆహే' అనిపిస్తే బ్లంట్, 'రోఖ్‌ఠోక్‌పణే బోల్తో' అనిపిస్తే బ్లంట్‌లీ. 'పణే' వచ్చిన చోట 'లీ' పెట్టండి.

ఇది ఎక్కువగా చెప్పడం, అడగడం, బదులివ్వడం, కాదనడం వంటి క్రియలతో వస్తుంది. 'షి టోల్డ్ మి బ్లంట్‌లీ దట్ ద సీట్స్ వర్ ఫుల్' సరైన వాక్యం. 'టోల్డ్ బ్లంట్‌లీ మి' అనకూడదు, టోల్డ్ వెంటనే ఎవరికి చెప్పారో రావాలి. కాదనడానికైతే క్రియకు ముందు పెడితే బాగుంటుంది: 'హి బ్లంట్‌లీ రెఫ్యూజ్డ్'. కటువైన మాట అనబోతూ ముందే హెచ్చరించాలంటే 'టు పుట్ ఇట్ బ్లంట్‌లీ' అని, కామా పెట్టి, ఆ మాట రాయండి.

ఫ్రాంక్‌లీతో కలపకండి. ఫ్రాంక్‌లీ అంటే మనసులో ఉన్నది దాచకుండా. అది మంచి మాటైనా కావచ్చు: 'ఫ్రాంక్‌లీ, యువర్ ఇంగ్లిష్ ఈజ్ గుడ్'. ఇక్కడ బ్లంట్‌లీ పెడితే పొగడ్త కాస్తా వింతగా తయారవుతుంది, ఎందుకంటే దాని వెనక చేదు మాటే వస్తుందని వినేవాళ్లు ఎదురుచూస్తారు. రూడ్‌లీలో అమర్యాద ఉంటుంది. బ్లంట్‌లీ చెప్పినవాడికి అవమానించే ఉద్దేశం ఉండనక్కర్లేదు. కర్ట్‌లీ అంటే ముక్తసరిగా, విసురుగా.

దరఖాస్తుల్లో 'ఐ బ్లంట్‌లీ రిక్వెస్ట్' అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు. వేడుకోలుకీ మొహమాటం లేని తీరుకీ పొసగదు. గట్టిగా అడుగుతున్నామని తెలియాలంటే 'ఐ స్ట్రాంగ్‌లీ రిక్వెస్ట్' చాలు.

పలికేటప్పుడు మొదటి భాగమైన 'బ్లంట్'ను నొక్కి పలకాలి. అందులోని అచ్చు 'కట్', 'బట్'లలో వినిపించేదే, 'బ్లాంట్' అని సాగదీయకూడదు. వేగంగా మాట్లాడితే మధ్యలో 'ట్' వినీవినిపించనట్టు ఉంటుంది. స్పెల్లింగులో ఆ టి అక్షరం వదిలేయకండి.