పనివాళ్లు కొత్త పద్ధతికి ఎదురు చెబుతుంటే ఏం చేయాలి?

తాడేపల్లిగూడెం, మండపేట రైస్ మిల్లుల్లో, భీమవరం రొయ్యల ప్లాంట్లలో, కోనసీమ కొబ్బరి పీచు యూనిట్లలో పని పద్ధతులు మారుతున్నాయి. చేతిరాత పుస్తకం పోయి కంప్యూటర్ వస్తోంది, హాజరు పట్టీ పోయి వేలిముద్ర వస్తోంది. ఊళ్లో సొసైటీలనూ ఇది వదల్లేదు. 63 వేల ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాల కంప్యూటరీకరణకు కేంద్రం 2022లోనే ఆమోదం తెలిపింది. ఇలాంటి మార్పు మొదలుకాగానే యజమానులు తరచూ అనే మాట: "పాతవాళ్లు మొండికేస్తున్నారండీ."

ఆ మాటతో మొదలుపెడితే పని చెడుతుంది. ఎదురు చెప్పే మనిషికి ఏదో పోతోంది. అదేంటో తెలుసుకోకుండా కొత్త పద్ధతి లాభాలు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కవు. ఒక రైస్ మిల్లులో కాటా లెక్కలు కంప్యూటర్‌లోకి మారుస్తున్నారనుకుని, ఏం చేయాలో చూద్దాం.

1. ఎవరికి ఏం పోతుందో ముందు రాసుకోండి

కాటా దగ్గర కూర్చునే గుమాస్తాగారికి జీతం తగ్గదు. కానీ ఏ రైతు ఎన్ని బస్తాలు తోలాడో, ఎవరికి ఎంత బాకీయో ఇన్నేళ్లూ ఆయన నోటి లెక్కే. రైతు వచ్చి అడిగేది ఆయన్నే. రేపటి నుంచి స్లిప్పు చెబుతుందంటే ఆయన విలువ తగ్గినట్టే. జట్టుగా బస్తాలు మోసే ముఠా కూలీల సంగతి వేరు. వాళ్లకి కూలి బస్తా లెక్కన వస్తుంది కాబట్టి, లెక్క ఎవరి చేతిలో ఉంటుందన్నదే వాళ్ల భయం. మెషిన్ ఆపరేటర్‌కైతే తప్పు జరిగితే తన మీదకు వస్తుందని టెన్షన్.

ఉద్యోగాలు నిజంగానే తగ్గేటట్టుంటే దాచకండి. ఎంతమందికి, ఎప్పుడు, బదులుగా ఏ పని ఇస్తారో మీరే ముందు చెప్పండి. లేకపోతే టీ కొట్టు దగ్గర ఇంకా పెద్ద లెక్క పుడుతుంది.

2. మీటింగ్ కన్నా ముందు విడివిడిగా మాట్లాడండి

అందరినీ పిలిచి "ఏమైనా డౌట్లున్నాయా?" అంటే, "ఆయ్, అలాగేనండీ" అంటారు. మర్నాడు పొద్దున పాత పుస్తకమే తెరుస్తారు. ఇందులో మోసమేమీ లేదు. పదిమందిలో యజమాని మాట కాదనడం మన దగ్గర మర్యాద అనిపించుకోదు.

అందుకే మీ గదిలోకి పిలవకుండా వాళ్లు పనిచేసే చోటికే వెళ్లండి. ముఠా మేస్త్రీని తప్పకుండా కలవండి. ఆయన ఒప్పుకోకపోతే ముఠా కదలదు. "గుమాస్తాగారూ, ఇది పెడితే ఎక్కడ ఇరుక్కుంటామంటారు?" అని అడగండి. నచ్చిందా లేదా అని అడిగితే నచ్చిందనే చెబుతారు. ఎక్కడ ఇరుక్కుంటామో అడిగితే తెలిసింది చెబుతారు. మధ్యలో అడ్డుపడి సమాధానం చెప్పకండి, వినండి.

విన్నదాన్ని నాలుగుగా విడదీయండి: పని రాదన్న భయం, డబ్బు తగ్గుతుందన్న భయం, మీ మీద నమ్మకం లేకపోవడం, మీ ప్లాన్‌లోనే ఉన్న లోపం. మొదటిదానికి శిక్షణ చాలు. రెండోదానికి కాగితం మీద హామీ ఇవ్వాలి. మూడోది మాటలతో తీరదు, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటూ పోవాలి. నాలుగోది మాత్రం మీకు దొరికిన నిధి. "కోతల టైములో కరెంటు పోతే ట్రాక్టర్లు రోడ్డు దాకా ఆగిపోతాయండీ" అని గుమాస్తా అన్నారంటే, అది ఎదురు చెప్పడం కాదు, మీకు సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు చెప్పని సంగతి. వెంటనే యూపీఎస్ పెట్టించండి, కరెంటు లేనప్పటికి చేతి టోకెన్ పుస్తకం ఉంచండి. ఆయన చెప్పడం వల్లే అది పెట్టామని అందరి ముందూ అనండి.

3. 'ఎలా' అన్నది వాళ్లనే తేల్చనివ్వండి

కంప్యూటర్ పెట్టాలా వద్దా అన్నది మీ నిర్ణయం. స్లిప్పు మీద ఏముండాలి, ముఠా లెక్క రోజులో ఎప్పుడు చూపించాలి అన్నవి వాళ్లకు వదలండి.

అమెరికాలో హార్వుడ్ అనే పైజమాల ఫ్యాక్టరీలో కోచ్, ఫ్రెంచ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి 1948లో ఫలితాలు ప్రచురించారు. అక్కడా పీసు లెక్కన కూలీ. మార్పు గురించి చెప్పి ఊరుకున్న గుంపులో ఉత్పత్తి పడిపోయి లేవలేదు, మొదటి 40 రోజుల్లో 17 శాతం మంది పని మానేశారు. అందరూ కలిసి కొత్త పద్ధతిని రూపొందించుకున్న గుంపులు త్వరగా కోలుకుని పాత ఉత్పత్తిని దాటాయి, ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది తర్వాత జరిగింది. ఆ మొదటి గుంపులో మిగిలినవాళ్లకే మరో మార్పులో పాలు పంచుకునే అవకాశమిస్తే, వాళ్లూ బాగానే పనిచేశారు. మొండితనం మనుషుల్లోనే ఉంటే అలా జరగదు.

4. కూలి, పనివేళలు మారుతుంటే చట్టం చూసుకోండి

కూలి లెక్క, పనిగంటలు, షిఫ్టుల వంటివి కార్మికులకు నష్టం కలిగేలా మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇది 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9ఏ సెక్షన్‌లో ఉండేది, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షన్‌లోనూ ఉంది. మినహాయింపులున్నాయి కాబట్టి మీ సంస్థ విషయం లాయర్‌ను అడగండి.

5. పంట చూసి తేదీ పెట్టండి

సార్వా ధాన్యం దిగే నవంబర్, డిసెంబర్‌లలో గానీ, దాళ్వా ధాన్యం వచ్చే ఏప్రిల్, మేలలో గానీ కొత్తది మొదలుపెట్టకండి. సంక్రాంతి ముందూ వద్దు. పంట చేల మీదున్న ఆగస్టు, సెప్టెంబర్ మేలు. తప్పులు చేసి దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

6. నేర్పేటప్పుడు పెద్దవాళ్ల పరువు కాపాడండి

గుమాస్తాగారికి ముందుగా, ఒంటరిగా, తెలుగు స్క్రీన్ మీద నేర్పించండి. తర్వాత మిగతావాళ్లకు ఆయనే చూపిస్తారు. నిన్న చేరిన కుర్రాడు పదిమందిలో "అలా కాదు బాబాయ్" అని మౌస్ లాక్కుంటే, ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చోరు.

కొన్నాళ్లు పుస్తకం, కంప్యూటర్ రెండూ నడవనివ్వండి. కానీ పుస్తకం ఆపే తేదీ మొదటిరోజే గోడకు అంటించండి. తేదీ లేకపోతే రెండూ ఏళ్ల తరబడి నడుస్తాయి, నమ్మకం పుస్తకం మీదే ఉండిపోతుంది.

ఇన్ని చేశాక కూడా ఎవరైనా కావాలని లెక్కలు తప్పు కొడుతుంటే, చాటుగా పిలిచి స్పష్టంగా చెప్పండి, ఆ తర్వాత రాతపూర్వకంగా హెచ్చరించండి. బయట నుంచి మనిషిని తెచ్చి బెదిరించే పని మాత్రం పెట్టుకోకండి.

7. మొదటి కూలి రోజున

కొత్త పద్ధతిలో మొదటిసారి డబ్బులు పంచే రోజు లెక్క రెండు విధాలా వేసి, రెండు కాగితాలూ ముఠా మేస్త్రీ చేతికివ్వండి. కొత్త లెక్కలో తగ్గితే, కారణం తేలేదాకా ఆపకుండా తేడా ఆ రోజే ఇచ్చేయండి.