గ్రిడ్‌లో కీ నొక్కినా కదలిక లేదా? ముందు ఫోకస్ ఎక్కడుందో చూడండి

విన్‌ఫామ్స్ (డాట్‌నెట్‌లో విండోస్ అప్లికేషన్లు రాసే పద్ధతి) లోని పట్టిక కంట్రోల్ డేటాగ్రిడ్‌వ్యూ వాడేవాళ్ల కోసం ఇది.

సమస్య: సెల్ మీద ఉన్నంతసేపూ గ్రిడ్‌కి కీడౌన్ ఈవెంట్ (కీ నొక్కారన్న కబురు) వస్తోంది, టైపింగ్ మొదలుపెట్టగానే ఆగిపోతోంది.

కోడ్ ముట్టుకునే ముందు సెల్ ఎడిట్‌లో ఉందో లేదో చూడండి. దయచేసి ఈ ఒక్కటీ దాటేయకండి. ఎడిట్‌లో ఉంటే ఫోకస్, అంటే కీలు అందుకునే చోటు, గ్రిడ్‌ది కాదు, సెల్ మీదికి వచ్చిన టెక్స్ట్‌బాక్స్‌ది. కీలన్నీ దానికే పోతాయి. ఆ టెక్స్ట్‌బాక్స్ తెరమీదికి వచ్చేటప్పుడు గ్రిడ్ ఇచ్చే ఎడిటింగ్‌కంట్రోల్‌షోయింగ్ ఈవెంట్‌లో దాన్ని పట్టుకుని, మీ హ్యాండ్లర్‌ని (ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే మెథడ్‌ని) దానికి తగిలించండి.

సమస్య: పరిమాణం కాలమ్‌లో అంకెలే పడాలని ఆ టెక్స్ట్‌బాక్స్ కీప్రెస్ ఈవెంట్‌లో (అక్షరం టైప్ అయినప్పుడు వచ్చేది) ఫిల్టర్ పెట్టారు. కాసేపటికి పేరు కాలమ్‌లోనూ అక్షరాలు పడటం లేదు.

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక్కో సెల్‌కి ఒక్కో టెక్స్ట్‌బాక్స్ పుడుతుందనుకుంటాం. అలా కాదు. గ్రిడ్ ఒకే టెక్స్ట్‌బాక్స్‌ని దాచుకుని టెక్స్ట్ సెల్స్ అన్నిటికీ తిప్పి తిప్పి వాడుతుంది. పరిమాణం సెల్‌లో తగిలించిన హ్యాండ్లర్ దానితోపాటే పేరు సెల్‌కి వచ్చేస్తుంది. మధ్యలో కాంబోబాక్స్ (జాబితాలోంచి ఎంచుకునే) సెల్‌ని ఎడిట్ చేస్తే మాత్రం పాతది పోయి కొత్త టెక్స్ట్‌బాక్స్ వస్తుంది, సమస్య మాయమవుతుంది. అందుకే యూజర్ "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అంటాడు, మన మెషీన్‌లో ఎంత ప్రయత్నించినా దొరకదు. ఒకసారి రెండు రోజులు డేటాబేస్‌ని అనుమానిస్తూ కూర్చున్నాను.

ఇంకో రూపం కూడా ఉంది. కీడౌన్‌లో ఎఫ్2తో కొత్త వరుస చేర్చే కోడ్ రాశారనుకోండి. మూడుసార్లు ఎడిట్‌లోకి వెళ్లొస్తే హ్యాండ్లర్ మూడుసార్లు తగులుకుంటుంది. ఒక్క నొక్కుకి మూడు వరుసలు.

పరిష్కారం: ఎడిటింగ్‌కంట్రోల్‌షోయింగ్‌లో మొట్టమొదటి పని -= తో హ్యాండ్లర్‌ని తీసేయడం. ఆ తర్వాతే కాలమ్ ఏదో చూసి, కావాలంటే += పెట్టండి. చాలామంది -= ని కూడా కాలమ్ చూసే ఇఫ్ లోపలే రాస్తారు. అప్పుడు పేరు కాలమ్‌కి వచ్చినప్పుడు తీసే లైను నడవనే నడవదు. హ్యాండ్లర్‌ని పేరున్న మెథడ్‌గానే రాయండి. అక్కడికక్కడ రెండుచోట్లా లాంబ్డా (పేరులేని మెథడ్) రాస్తే ఆ రెండూ వేర్వేరు, -= దేన్నీ తీయదు. ఎర్రర్ కూడా రాదు.

సమస్య: ఎంటర్ కొడితే పక్క సెల్‌కి పోవాలి, కిందికి పోతోంది.

ఎడిట్‌లో ఉన్నప్పుడు ఎంటర్ గ్రిడ్ మెథడ్ ప్రాసెస్‌డైలాగ్‌కీ గుండా, లేనప్పుడు ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీ అనే ఇంకో మెథడ్ గుండా వెళ్తుంది. గ్రిడ్‌ని ఇన్హెరిట్ చేసి రెండూ ఓవర్‌రైడ్ చేయండి. ఒక్కటే చేస్తే పని సగమే.

డిలీట్ కీ సెల్‌లో పనిచేయకపోతే, మెనూలో ఏదైనా ఐటెమ్‌కి అదే షార్ట్‌కట్ ఇచ్చారేమో చూడండి. అరుదే.

ఫిల్టర్ పెట్టినా అక్షరాలు దూరుతున్నాయంటే అది పేస్ట్. బ్యాక్‌స్పేస్ కోసం కంట్రోల్ అక్షరాల్ని (తెరమీద కనిపించనివి) ఫిల్టర్ ఆపకుండా లోపలికి వదిలేస్తాం, కంట్రోల్+వి కూడా అదే దారిలో వస్తుంది. మౌస్‌తో పేస్ట్ చేస్తే కీప్రెస్ అసలు రాదు. పేస్ట్‌ని, సెల్‌లోని విలువను సరిచూసే సెల్‌వ్యాలిడేటింగ్ ఈవెంట్‌లోనే ఆపాలి.