రెవిట్ మోడల్‌లో వాడకంలో లేనివాటిని తొలగించే విధానం

భీమవరం, కాకినాడ పరిసరాల్లోని రొయ్యల శుద్ధి కర్మాగారాల వంటి పెద్ద కట్టడాల రెవిట్ (భవనాల త్రీడీ నమూనాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మోడల్ తెరుచుకోవడానికి చాలాసేపు పడితే, భవనం పెద్దది కాబట్టి అంతేనని సరిపెట్టుకుంటాం. అసలు బరువు తరచుగా మరోచోట ఉంటుంది: శీతల యంత్రాల తయారీదారుల నుంచి దించుకున్న ఫ్యామిలీలు (మోడల్‌లో పెట్టుకునే భాగాల నమూనాలు), సర్వేయరు ఇచ్చిన క్యాడ్ డ్రాయింగులు, ఎప్పుడో ఏదో చూసుకోవడానికి తీసి వదిలేసిన సెక్షన్లు (భవనాన్ని నిలువుగా కోసి చూపే చిత్రాలు). వీటి కోసం మేనేజ్ ట్యాబ్‌లో పర్జ్ అన్‌యూజ్డ్ (వాడనివాటిని తీసేసే ఆదేశం) ఉంది గాని, దానిని ఆఖరున వాడాలి. మోడల్‌లో ఎక్కడా దేనికీ ఆధారం కానిదే దాని లెక్కలో వాడనిది. ఎవరూ చూడని సెక్షన్‌లో పెట్టిన ఒక్క డీటెయిల్ కాంపొనెంట్ (వివరం చూపే చిన్న బొమ్మ) కూడా వాడకంలో ఉన్నట్టే. కాబట్టి ముందు ఆ ఆధారాలను తెంచాలి.

బృందంలో అందరూ తమ మార్పులను సెంట్రల్ ఫైలుకు (అందరూ పంచుకునే మూల ఫైలు) సింక్రనైజ్ చేసి, తమ అధీనంలో ఉన్నవి వదిలేసిన తరువాత, దానికి విడిగా ఒక ప్రతి తీసి పెట్టుకోండి. చివర పోల్చుకోవడానికి షీట్ల పీడీఎఫ్ కూడా తీసి ఉంచండి. అసలు ఫైలును డిటాచ్ (సెంట్రల్ నుంచి విడదీయడం), ఆడిట్ (ఫైలులో లోపాలు వెతకడం) రెండింటికీ టిక్ పెట్టి, వర్క్‌సెట్లను (బృందం పని పంచుకునే విభాగాలు) అలాగే ఉంచి తెరవండి. పని ముగిశాక దీనినే కొత్త సెంట్రల్‌గా భద్రపరుస్తారు కనుక, తమ కంప్యూటర్లలో ఉన్న పాత లోకల్ ఫైళ్ళను ఎవరూ వాడకూడదని ముందుగానే చెప్పాలి.

తరువాత వ్యూల (ప్లాన్, సెక్షన్, త్రీడీ వంటి దృశ్యాలు) సంగతి. షీట్ నంబరు కాలమ్‌తో ఒక వ్యూ లిస్ట్ తయారు చేస్తే, ఆ గడి ఖాళీగా ఉన్నవి ఏ షీటు మీదా లేవని తెలుస్తుంది. అయితే సమన్వయం కోసం ఉంచుకున్న త్రీడీ వ్యూలు కూడా వాటిలో ఉంటాయి కాబట్టి, సహోద్యోగులను అడగకుండా తొలగించడం సబబు కాదు. ప్లాన్‌లో చెరిపేసిన గదులు సైతం మోడల్‌లో మిగిలే ఉంటాయి. రూమ్ షెడ్యూల్‌లో ‘నాట్ ప్లేస్డ్’ అని కనిపించే వరుసలను అక్కడే తొలగించాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది క్యాడ్ ఫైళ్ళ మీద. కాలువ గట్టు, రోడ్డు మట్టాలు చూపే సర్వే డ్రాయింగును లింక్ చేయకుండా ఇంపోర్ట్ చేస్తే అది మోడల్‌లోనే కూర్చుంటుంది. ఎక్స్‌ప్లోడ్ చేస్తే దాని లేయర్లు లైన్ స్టైళ్ళుగా మారి పరుచుకుంటాయి. విజిబిలిటీ గ్రాఫిక్స్‌లోని ఇంపోర్టెడ్ క్యాటగిరీస్ ట్యాబ్‌లో ఇంపోర్ట్ చేసిన క్యాడ్ ఫైళ్ళ పేర్లు చూసి, అవసరం తీరినవాటిని మోడల్‌లో ఎంచుకొని తొలగించండి. ‘ఇంపోర్ట్’ అని మొదలయ్యే లైన్ ప్యాటర్న్‌లను పర్జ్ తీసేయకపోవచ్చు. అడిషనల్ సెట్టింగ్స్‌లోని లైన్ ప్యాటర్న్స్ జాబితా తెరిచి మిగిలినవాటిని చేత్తోనే తీసేయాలి.

ఫ్యామిలీలలో బరువైనవి ఏవో తెలియాలంటే, సేవ్ యాజ్‌లో లైబ్రరీ కింద ఉన్న ఫ్యామిలీ ఎంపికతో అన్నిటినీ ఒక ఫోల్డరులో భద్రపరచి, పరిమాణం ప్రకారం వరుసలో పెట్టి చూడవచ్చు. బోల్టులు, మరలతో సహా గీసిన కండెన్సర్ మోడల్ మన డ్రాయింగుకు అక్కరలేదు. దాని స్థానంలో సాదా ఆకారం పెడితే చాలు.

ఇప్పుడు పర్జ్ తెరిచి, చెక్ నన్ నొక్కి, విభాగాల వారీగా చూసుకుంటూ టిక్ పెట్టండి. మన డెల్టా నల్లరేగడిలో పునాది రకం మట్టి పరీక్ష నివేదిక వచ్చాక గాని తేలదు. అందాకా లోడ్ చేసి ఉంచిన అండర్-రీమ్డ్ పైల్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే స్తంభం లాంటి పునాది) ఫ్యామిలీ ఈ జాబితాలో వాడనిదిగానే కనబడుతుంది. అలాంటివాటికి టిక్ పెట్టకండి. ఒక ఫ్యామిలీ పోయాకే దానిలోని మెటీరియల్ వాడనిదవుతుంది కాబట్టి, మీరు ఉంచదలచినవి తప్ప జాబితాలో మరేవీ మిగలని దాకా ఈ పనిని మళ్ళీ మళ్ళీ చేయాలి.

చివరగా కాంపాక్ట్ ఫైల్ ఎంపికతో కొత్త సెంట్రల్‌గా భద్రపరచి, శుభ్రం చేయకముందు తీసిన షీట్ల పీడీఎఫ్‌తో ఇప్పటి పీడీఎఫ్‌ను పేజీ పేజీకీ పోల్చండి. గీత గాని, గుర్తు గాని మాయమైతే అక్కడే తెలుస్తుంది. స్ట్రక్చరల్, ప్లంబింగ్ బృందాలు కొత్త ఫైలును లింక్ చేసి సరిచూసే వరకు పాత ప్రతిని తీసేయకండి.